‘బల్ల ఏదమ్మాయ్?’ – సీయోను కొండ మీద ఒక శనివారం

మా గుంటూరు వైపు యెరూషలేము యాత్రకు ఒక వరస ఉంది. ముందు ఆదివారం ఆరాధన అయ్యాక ప్రకటనల్లో పాస్టరుగారు చెబుతారు. తర్వాతి వారానికి రంగుల కరపత్రం చేతికొస్తుంది. అమ్మాన్‌లో దిగడం, నెబో కొండ, యొర్దాను నది, గలిలయ సముద్రం, బేత్లెహేము, యెరూషలేము, ఆఖర్న ఈజిప్టు పిరమిడ్లు. మాకిచ్చిన కరపత్రంలో సీయోను కొండకు దక్కింది ఒకే ఒక్క లైను: ‘మేడగది, దావీదు సమాధి, కోడి కూసిన గుడి’. డిగ్రీ కాలేజీలో చరిత్ర చెప్పుకునేదాన్ని, నాకు ఆ లైను దగ్గరే కన్ను ఆగింది. మా అత్తయ్య మాత్రం మేడగది, అంటే యేసు శిష్యులతో ఆఖరి రాత్రి భోజనం చేసిన గది, అన్న మాట చదివి కళ్లజోడు తీసి తుడుచుకుంది. చిన్నప్పుడు సండే స్కూల్లో చూసిన బొమ్మ, పొడుగాటి బల్లకు ఒకవైపు యేసు, చుట్టూ పన్నెండుమంది, ఆవిడ మనసులో అలాగే ఉండిపోయింది.

ఇది 2023 ఫిబ్రవరి సంగతి. ఆ అక్టోబరులో గాజా యుద్ధం మొదలైంది, అప్పటికి ఎనిమిది నెలల ముందన్నమాట.

కాగితాల పని గురించి ఎక్కువ చెప్పను. పాస్‌పోర్టుకు ఇంకా ఆరు నెలలకు మించి గడువుండాలి, బ్యాంకు స్టేట్‌మెంటు, ఐటీ రిటర్నులు, తెల్ల బ్యాక్‌గ్రౌండ్ ఫోటోలు ఇవ్వాలి. వీసాలన్నీ గుంపుకు కలిపి ఏజెంటే చూసుకుంటాడు. అత్తయ్య ఇంటిపేరు ఆధార్‌లో పూర్తిగా, పాన్‌లో పొడి అక్షరంగా ఉండడంతో కాస్త తిరగాల్సి వచ్చింది. మాతో వచ్చినవాళ్లలో కొందరు రాష్ట్ర ప్రభుత్వం ఇచ్చే సాయానికి దరఖాస్తు పెట్టుకున్నారు. అప్పట్లో ఏడాదికి మూడు లక్షల లోపు ఆదాయం ఉంటే 60,000 రూపాయలు, దాటితే 30,000 ఇచ్చేవారు. మేం సొంత డబ్బుతోనే వెళ్లాం. అసలు టెన్షనంతా అత్తయ్య మోకాళ్ల గురించి. వీల్‌చైర్ ఇస్తామని ఏజెంటు నోటిమాటగా అన్నాడు. అమ్మాన్‌లో అడిగితే యెరూషలేములో ఉంటుందన్నారు, యెరూషలేము హోటల్లో అడిగితే ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. పెద్దవాళ్లను తీసుకెళ్లేవాళ్లు ఈ విషయం కాగితం మీద రాయించుకోండి. మా ఆడపడుచు ముందుచూపుతో కొనిచ్చిన మడత స్టూలే మమ్మల్ని ఒడ్డున పడేసింది.

సీయోను కొండ అంటే ఎత్తయిన శిఖరమేదో ఉంటుందనుకుంటాం. బస్సు దిగి చూస్తే ఒక మిట్ట, దాని నెత్తిన పాత పట్టణపు గోడ. సముద్రమట్టానికి 765 మీటర్ల ఎత్తన్న మాట నిజమే కానీ, ఊరు మొత్తం ఆ ఎత్తులోనే ఉంది కాబట్టి కొండ ఎక్కినట్టు అనిపించదు. చలిగాలి కోస్తోంది. గోడ కింద వాలులో బాదం చెట్లు ఆకు లేకుండా పూతతో ఉన్నాయి. రాయి అంతా ఒకటే రంగు, మీగడ రంగులో లేత పసుపు కలిసినట్టు. యెరూషలేములో ఇళ్లకు బయటివైపు ఇక్కడి రాయే వేయాలని బ్రిటిష్‌వాళ్ల కాలంలో పెట్టిన నిబంధన ఇప్పటికీ నడుస్తోంది. అందుకే నిన్న కట్టింది ఏదో, వేయేళ్ల కిందటిది ఏదో చటుక్కున తెలియదు. ఇక్కడ చిక్కంతా అదే.

మా గైడు బేత్లెహేముకు చెందిన అరబ్బు క్రైస్తవుడు. ఇంగ్లీషులో చెబుతాడు, పాస్టరుగారు తెలుగు చేస్తారు. సీయోను ద్వారం దగ్గర నిలబడి అతను మొదలుపెట్టిన మొదటి మాట ‘సంప్రదాయం ప్రకారం’. అక్కడినుంచి ప్రతి చోటా అదే మాట. పాస్టరుగారు తెలుగు చేసేటప్పుడు ఆ మాట ఒక్కటే జారిపోతూ ఉంటుంది. ‘సంప్రదాయం ప్రకారం ఇది ఫలానా చోటు’ అని అతనంటే ‘ఇదే ఆ చోటు, స్తోత్రం’ అని ఈయన. నేను రెండూ వింటూ నడిచాను.

గోడ విషయంలో మాత్రం అనుమానాలకు తావు లేదు. ఒట్టోమన్ సుల్తాను సులేమాన్ 1537, 1541ల మధ్య కట్టించిన గోడ ఇది, చుట్టుకొలత దాదాపు 4 కిలోమీటర్లు. దావీదు సమాధి ఉందని నమ్మే సీయోను కొండను గోడ బయటే వదిలేశారని సుల్తానుకు కోపమొచ్చి, ఇద్దరు మేస్త్రీల తలలు తీయించాడని ఒక కథ. యాఫా ద్వారం లోపలి పక్కన రెండు పాత సమాధులు చూపించి అవి వాళ్లవేనంటారు. సీయోను ద్వారం రాళ్ల నిండా గుంటలే, కొన్ని చోట్ల పిడికిలి పట్టేంత లోతు. 1948 యుద్ధంలో తగిలిన తూటాల గుర్తులవి. ద్వారం అవతల యూదుల పేట ముట్టడిలో ఉంటే ఇటునుంచి లోపలికి చొరబడాలని ఇక్కడే పోరాడారు. అప్పటినుంచి 1967 దాకా ఈ కొండ ఇజ్రాయెల్ చేతిలో, గోడ లోపలి పట్టణం జోర్డాన్ చేతిలో ఉండేవి. మా గుంపులో ఒకాయన ఒక గుంటలో వేలు పెట్టి, ‘బైబిల్ కాలంనాటి రాయి’ అని వీడియో తీసుకున్నాడు. గైడు నవ్వి ఊరుకున్నాడు.

ఇంకో సంగతి. దావీదు పట్టుకున్న అసలు సీయోను కోట ఈ కొండ మీద లేదు. తూర్పున, దేవాలయ ప్రాంగణానికి దక్షిణంగా దిగిపోయే సన్నటి గుట్ట మీద ఉండేదని తవ్వకాలు చేసినవాళ్లు చెబుతారు. కాలం గడిచేకొద్దీ పేరు అక్కణ్ణుంచి ఇక్కడికి మారింది. ఈ ముక్క అత్తయ్యకు చెప్పాలా వద్దా అని ఆలోచించి, చెప్పేశాను. ‘మన ఊళ్లో చెరువు పూడిపోయినా చెరువుకట్ట వీధి అనే అంటున్నారుగా’ అంది.

కొండ మీద ముందు కనబడేది డోర్మిషన్ అబ్బే అనే కాథలిక్ మఠం. గుండ్రటి గుడి, మొనదేలిన బూడిదరంగు కప్పు, పక్కన గడియారపు గోపురం. మరియమ్మ నిద్రించిన చోటని కాథలిక్కుల నమ్మకం. మావాళ్లంతా లూథరన్లు, అంటే ప్రొటెస్టెంట్లు, అది మరియమ్మ గుడి అనేసరికి ఉత్సాహం చప్పబడింది, ఫోటోలతో సరిపెట్టుకున్నారు. నిజానికి మన లూథరన్లకు దీనితో ఒక లంకె ఉంది. జర్మనీ చక్రవర్తి రెండో విల్‌హెల్మ్ 1898 అక్టోబరు 31న పాత పట్టణంలో లూథరన్ల గుడిని ప్రతిష్ఠించడానికి వచ్చాడు. ఆ రాకలోనే సుల్తాను దగ్గర ఈ స్థలం సంపాదించి తన దేశపు కాథలిక్కులకు ఇచ్చాడు. అటువాళ్లకు ఒకటి, ఇటువాళ్లకు ఒకటి. గుడి 1910లో పూర్తయింది. గుంటూరులో లూథరన్ మిషనరీ హయ్యర్ అయ్యగారు మిషన్ మొదలుపెట్టిన 1842తో పోల్చితే, ఇంత పాతదిలా కనబడే ఈ గుడి మన మిషన్ కన్నా చిన్నది. నేను గబగబా లోపలికెళ్లి నేలమాళిగ చూసొచ్చాను. కలపతో, దంతంతో చేసిన మరియమ్మ విగ్రహం పడుకున్న భంగిమలో ఉంటుంది. రెండు నిమిషాలకే బయటినుంచి పిలుపు.

మేడగదికి సన్నటి సందులో వెళ్లి మెట్లెక్కాలి. అరుగుదలకు నున్నబడిన రాతిమెట్లు, వాన జల్లు పడితే జారుడే. అత్తయ్య ఒక చేయి గోడకు, ఒక చేయి నా భుజానికి వేసి ఎక్కింది. పైకి చేరి, ఆయాసం తీర్చుకుని, గదంతా ఒకసారి కలియజూసి అడిగింది.

‘బల్ల ఏదమ్మాయ్?’

బల్ల లేదు. బల్లే కాదు, ఏమీ లేదు. సిలువ లేదు, బలిపీఠం లేదు, కుర్చీ లేదు. ఎత్తయిన స్తంభాలు, వాటినుంచి పైకి లేచి కప్పులో కలుసుకునే కోసుగా ఉన్న కమానులు, రాతినేల, అంతే. ఈ హాలు చాలావరకు క్రూసేడర్ల, అంటే యెరూషలేము కోసం యుద్ధానికి వచ్చిన యూరప్ క్రైస్తవుల కాలపు పనితనం, అంటే సుమారు 12వ శతాబ్దం నాటిదని చాలామంది అంటారు. ప్రభువు పస్కా భోజనం చేసిన గది ఇదే అయినా, ఈ గోడలు మాత్రం ఆనాటివి కావు. తర్వాత ఫ్రాన్సిస్కన్ సన్యాసుల చేతికొచ్చింది. 16వ శతాబ్దంలో ఒట్టోమన్లు వాళ్లను పంపేసి మసీదు చేశారు. దక్షిణపు గోడలో మక్కా దిక్కును చూపేలా చెక్కిన మిహ్రాబు అనే గూడు, అరబ్బీ రాతలు, రంగు అద్దాల కిటికీలు ఆనాటివే. ఇప్పుడు ఇజ్రాయెల్ ప్రభుత్వం అధీనంలో ఉంది, ఏడాదిలో ఏవో కొద్ది రోజులు తప్ప ఇక్కడ క్రమబద్ధంగా ఆరాధన జరగనివ్వరు. పోపు రెండో జాన్ పాల్ 2000లో, ఫ్రాన్సిస్ 2014లో ఇక్కడ పూజ చేశారు.

గుంపులు పాడుకోవడానికి మాత్రం ఎవరూ అడ్డు చెప్పలేదు. మా పక్కన కొరియా వాళ్లు, వాళ్ల వెనక ఆఫ్రికా నుంచి వచ్చిన తెల్లబట్టల ఆడవాళ్లు. మేం తెలుగు కీర్తన ఎత్తుకున్నాం. ఆ కప్పు కింద గొంతు చిన్నదైనా మోగుతుంది, కానీ మూడు భాషలూ ఒకేసారి మోగితే ఎవరి పల్లవి ఎవరిదో తెలియని గోల. కొరియా వాళ్లకు తాళం గట్టిగా ఉంది, మావాళ్లు రెండో చరణానికి వాళ్ల లయలో పడిపోయారు.

నేను అత్తయ్యను ఒక మూలకు తీసుకెళ్లాను. కిందికి దిగే మెట్ల మీద చిన్న పందిరిలాంటి రాతికట్టడం, దానికి సన్నటి పాలరాతి స్తంభాలు. ఒక స్తంభం తలమీద పక్షుల బొమ్మ చెక్కి ఉంది. తల్లి పక్షి తన రొమ్మును ముక్కుతో పొడుచుకుంటోంది, రెండు పిల్లలు అటూ ఇటూ మెడ సాచి ఆ రక్తం తాగుతున్నాయి. పెలికాన్ పిట్ట అలా పిల్లల్ని బతికిస్తుందని పాతకాలపు క్రైస్తవులు నమ్మి, దాన్ని క్రీస్తుకు గుర్తుగా వేసేవారు. మసీదుగా మారిన వందల ఏళ్లలోనూ ఎవరూ దాన్ని కొట్టేయలేదు. ముక్కులు అరిగి మొండివయ్యాయి కానీ, చేత్తో తడిమితే ఈకల గీతలు ఇంకా తగులుతాయి. అత్తయ్య చాలాసేపు తడిమింది. ‘వాళ్లంతా నేలమీద దిండ్లకు ఆనుకుని తినేవాళ్లు అత్తయ్యా, ఆ రోజుల్లో మన బొమ్మల్లో వేసే బల్ల ఉండేది కాదు’ అని చెప్పాను. ‘మనలాగే కింద కూర్చునే అన్నమాట’ అంది. బల్ల విషయం అక్కడితో పరిష్కారమైంది.

దావీదు సమాధి సరిగ్గా ఈ గది కిందే. ఆ రోజు శనివారం, యూదులకు విశ్రాంతి దినం, ఫోటోలు తీయకూడదు. మగవాళ్లు తలమీద టోపీ పెట్టుకుని ఒకవైపు, ఆడవాళ్లు ఒకవైపు. మధ్య అడ్డుగోడ. లోపల పెద్ద రాతి పెట్టె, దానిమీద హీబ్రూ అక్షరాలు కుట్టిన మఖ్‌మల్ వస్త్రం. పక్కన కూర్చున్న ఒకావిడ ప్రార్థన పుస్తకం పట్టుకుని ముందుకూ వెనక్కూ ఊగుతూ చదువుతోంది. దావీదును దావీదు పట్టణంలో పాతిపెట్టారని బైబిలే చెబుతుంది, అంటే ఇందాకటి తూర్పు గుట్ట మీద. ఇక్కడ సమాధి ఉందన్న మాట దాదాపు వేయేళ్లుగా మాత్రమే వినబడుతోంది. 1948లో ఫిరంగి గుండు తగిలి గోడలు దెబ్బతిన్నాక, 1951లో పింకర్‌ఫెల్డ్ అనే పురావస్తు శాస్త్రవేత్త ఇక్కడ తవ్వి చూశాడు. నేల కింద ఇంకా పాత నేలలు బయటపడ్డాయి. పాతకాలపు యూదుల సమాజమందిరం అని ఆయన అన్నాడు. కాదు, తొలి క్రైస్తవులు కూడుకున్న చోటు అని ఇంకొందరు. ఆ వాదన ఇప్పటికీ తెగలేదు. నాకైతే ఈ భవనమంతా అదే అనిపించింది. కింద యూదుల ప్రార్థన, పైన క్రైస్తవుల పాట, గోడలో మసీదు మిహ్రాబు, ఎవరికీ పూర్తిగా సొంతం కాని ఇల్లు.

బయటి వరండాలో అత్తయ్యను స్టూలు మీద కూర్చోబెట్టాను. ఎదురుగా ఒక వీల్‌చైర్, అందులో బాగా వయసు మళ్లిన పెద్దాయన, వెనక నిలబడ్డ కుర్రాడు అచ్చం మనవాడిలా ఉన్నాడు. అత్తయ్య చూపు వీల్‌చైర్ మీద, నా చూపు కుర్రాడి మీద. అతనే పలకరించాడు.

‘తెలుగోళ్లా మీరు? పాట ఇనవడ్డది కిందికి.’

జగిత్యాల దగ్గర పల్లెటూరట. తెలంగాణ నుంచి, ముఖ్యంగా నిజామాబాద్, జగిత్యాల, కరీంనగర్ వైపు నుంచి ముసలివాళ్లను చూసుకునే పనికి ఇక్కడికి వచ్చినవాళ్లు చాలామంది ఉన్నారని పేపర్లో చదివాను, చూడడం అదే మొదలు. పెద్దాయనను ‘సబా’ అని పిలుస్తున్నాడు, హీబ్రూలో తాత. ప్రతి శనివారం ఇక్కడికి తోసుకొస్తాడు.

‘నువ్వు ప్రార్థన చేసుకోవా నాయనా?’ అని అత్తయ్య.

‘నేను కొండగట్టు అంజన్న భక్తుణ్ణమ్మా. ఈయన మొక్కుకుంటడు, నేను బయట ఉంట. మా సబా మంచిగున్నంత సేపు నా నౌకరి మంచిగుంటది, గందుకే నేను గూడ మొక్కుత ఒకసారి.’

అత్తయ్య జీతం అడిగింది. అతను సిగ్గుపడకుండా చెప్పాడు, రావడానికి ఏజెంటుకు ఎంత కట్టాడో, ఆ అప్పు ఎప్పటికి తీరిందో కూడా చెప్పాడు. ఆవిడ వేళ్ల మీద లెక్క వేసుకుని ‘ఇంటికెప్పుడెళ్లావు?’ అంది. చెల్లెలి పెళ్లికి వెళ్లాడట. ఈ కొండ గురించి ఆ రోజు పనికొచ్చిన సమాచారం ఇచ్చింది గైడు కాదు, ఇతను. ఎక్కడ రాళ్లు ఎగుడుదిగుడు, ఎక్కడ చక్రం ఇరుక్కుంటుంది, మెట్లు లేకుండా రోడ్డుకు ఏ సందులో వెళ్లాలి, అన్నీ చేతులు తిప్పుతూ చెప్పాడు. ‘కోడి చర్చికి పోతుండ్రా? అండ్ల కిందికి మస్తు మెట్లుంటయ్. అమ్మను మీదనే కూసోవెట్టుండ్రి, ఆడికెల్లి అంతా కనిపిస్తది’ అన్నాడు. పెద్దాయన ఏదో గొణిగాడు, కుర్రాడు హీబ్రూలో గలగలా జవాబిచ్చి, ఆయన కాళ్ల మీద దుప్పటి సర్ది తోసుకెళ్లిపోయాడు.

కోడి చర్చి, అంటే యేసు శిష్యుడు పేతురు ‘నేనాయన నెరుగను’ అని బొంకాక కోడి కూసిన చోట కట్టిన గుడి, తూర్పు వాలులో కొంచెం కిందికి ఉంది. 1931లో ఫ్రెంచి సన్యాసులు కట్టారు. కప్పు మీద సిలువకు పైన బంగారు రంగు కోడిపుంజు. ఇది ప్రధాన యాజకుడు కయప ఇల్లున్న చోటని ‘సంప్రదాయం ప్రకారం’ గైడు చెప్పాడు. ఈసారి పాస్టరుగారు కూడా అలసిపోయారు కాబోలు, ఆ ముక్క అలాగే తెలుగులోకి వచ్చేసింది. ఒకరిద్దరు తలెత్తి చూశారు.

గుడి కింద రాతిలో తొలిచిన లోతైన గొయ్యి ఉంది. యేసును ఆ రాత్రి ఇందులోకి దింపారని నమ్మకం. పాతకాలపు యాత్రికులు వేసిన సిలువ గుర్తులు దాని గోడల మీద ఉన్నాయి. ఇప్పుడు పక్కనుంచి మెట్లు పెట్టారు. దిగాక అక్కడ 88వ కీర్తన చదవడం ఆనవాయితీ, చీకటి గోతిలో పడి దేవుణ్ణి పిలిచే మనిషి కీర్తన అది. మా గుంపులో ఒక రిటైర్డు టీచరు చదివారు. ఆవిడ భర్త పోయి ఏడాది కూడా కాలేదు, సగంలో గొంతు ఆగిపోయింది. ఎవరూ అందుకోలేదు. ఆవిడే కాసేపటికి మళ్లీ మొదలుపెట్టి పూర్తి చేశారు. ఆ గొయ్యి నీళ్ల తొట్టె అయి ఉండవచ్చు, స్నానపు గుంట అయి ఉండవచ్చు, పండితులు ఏమన్నా నాకు అప్పుడు పట్టలేదు.

పైకొచ్చాక, గుడి పక్కన కంచె వేసిన పాత మెట్లు. వెడల్పాటి రాళ్లు, అంచులు గుండ్రంగా అరిగాయి, సందుల్లో గడ్డి, చిన్న ఎర్రపూలు. కొండ మీదినుంచి కిద్రోను లోయలోకి దిగే దారి ఇది. గైడు ఇక్కడ మొదటిసారి ‘సంప్రదాయం’ అనలేదు. ఈ మెట్లు ఒకటో శతాబ్దం నాటివి, రాత్రి భోజనమయ్యాక యేసు గెత్సేమనే తోటకు వెళ్లాలన్నా, ఆయన్ను పట్టుకుని మళ్లీ ఇటు తీసుకురావాలన్నా ఈ దారినే నడిచి ఉండాలి అన్నాడు. నాకు ఆ కొండ మీద నమ్మకం కుదిరిన చోటు అదే. మేడగది కాదు, సమాధి కాదు, ఎవరూ ముద్దు పెట్టుకోని ఆ దారి. మెట్ల మీదికి వెళ్లనివ్వరు, కంచె ఇవతలినుంచే చూడాలి.

కుర్రాడు చెప్పినట్టే అత్తయ్య పైన వరండాలోనే ఉంది. అక్కడినుంచి ఎదురుగా ఒలీవల కొండ వాలంతా తెల్లటి సమాధులు, కింద సిల్వాను పేట ఇళ్లు ఒకదాని నెత్తిన ఒకటి, కుడివైపు హిన్నోము లోయ. యేసును పట్టించిన ఇస్కరియోతు యూదా వెండి నాణేలతో కొన్నారని చెప్పే అకెల్దమ పొలం కూడా ఆ లోయ అంచునే. గైడును ఒక్కో పేరూ అడిగించి, బైబిల్ తెరిచి పెన్సిల్‌తో గీతలు పెట్టుకుంది. నేను మెట్ల గురించి చెబితే, లేచి కంచె దాకా వచ్చి చూసింది. ‘ఇంత నిలువుగా ఉన్నాయి, చీకట్లో ఎలా దిగారో’ అంది. మోకాళ్లున్న మనిషి అడిగే ప్రశ్న.

తిరిగి వెళ్తూ స్మశానాల గేటు దగ్గర ఆగాం. వెయ్యికి పైగా యూదుల్ని నాజీల నుంచి కాపాడిన ఆస్కార్ షిండ్లర్ సమాధి ఈ వాలులోని కాథలిక్ స్మశానంలో ఉంది, చూసినవాళ్లు రాయి పెట్టి వెళ్తారు. మేం వెళ్లేసరికి గేటు మూసేశారు. పక్క ప్రొటెస్టెంట్ స్మశానంలో ఈజిప్టు తవ్వకాల ఘనుడు ఫ్లిండర్స్ పెట్రీ ఉన్నాడు, తల తప్ప. 1942లో పోయాక తల పరిశోధనకు లండన్ పంపించారు. ఇది బస్సులో చెప్తే ఒక్కరూ నమ్మలేదు. మేడగది విషయంలో రాని అనుమానం ఇక్కడ అందరికీ వచ్చింది.

ఆ రాత్రి హోటల్లో అత్తయ్య మా ఆడపడుచుకు వీడియో కాల్ చేసింది. దావీదు సమాధి గురించి రెండు ముక్కలు, పెలికాన్ పిట్ట గురించి నాలుగు, ఆ తర్వాతంతా జగిత్యాల అబ్బాయి సంగతులే. నేను టాయిలెట్ వెతుక్కుంటూ వెళ్లినప్పుడు వాళ్లమ్మ ఫోన్ నంబరు కూడా తీసుకుందట, నాకు అప్పుడు తెలిసింది. ఊరొచ్చిన వారానికి ఆవిడకు ఫోన్ చేసి, నీ కొడుకు ఒళ్లు చేశాడు, బాగున్నాడు, యూదుల తాతను బాగా చూసుకుంటున్నాడు అని చెప్పింది. తర్వాత ఇద్దరూ మోకాళ్ల నొప్పులకు ఏ నూనె మంచిదో గంటసేపు మాట్లాడుకున్నారు.